మూడో సిలిండరు

ఆ శబ్దం నేను మొదట విన్నది కోట అనే మా ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఒక వానాకాలం ఉదయాన. అరవైల మొదట్లో సంగతి. అప్పుడు నేను కోటలో ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. మా ఆయన ఆ ఆసుపత్రి కారుకు డ్రైవరు. మందుల పెట్టె వెనక సీట్లో పెట్టుకుని, మేమిద్దరం ముందు కూర్చుని, తీరం వెంబడి పల్లెలు తిరిగేవాళ్ళం. కాన్పు కష్టమైనవాళ్ళుంటే వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చేవాళ్ళం. ఆ చుట్టుపక్కల ఇంకో కారు లేదు.

కారు పాత విలాయతీది. ఎవరో దొర తన దేశానికి పోతూ ఆసుపత్రికి ఇచ్చి పోయాడట. నాలుగు సిలిండర్ల ఇంజను. ఎంత పాతదైనా దాని నడక సమంగా ఉండేది. రోటి చుట్టూ నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి పోటు వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. ఆ ఉదయం నాకు ఆ నలుగురిలో ఒకరు ఉండుండి పోటు తప్పినట్టు వినిపించింది. కాసేపటికి సర్దుకుంది. మళ్ళీ తప్పింది.

"ఇంజను మిస్సింగ్ కొడతా ఉండాదేమో చూడండి," అన్నాను.

"ఏంది?"

గొంతు పెంచి మళ్ళీ చెప్పాను.

"లేదే," అన్నాడాయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "బాగనే పోతా ఉండాది. రోడ్డు గుంతలు."

ఇంజను సంగతి ఆయనకు నేను చెప్పేదేముంది? యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన మనిషి. పగలంతా, రాత్రంతా ఆడే పెద్ద పెద్ద ఇంజన్ల మధ్య వయసంతా గడిపాడు. కోట బస్టాండులో టీ తాగుతూ, వెనక్కి తిరిగి చూడకుండానే, వచ్చే బస్సుకు ఏ జబ్బు చేసిందో చెప్పేవాడు. "వాల్వు కాలింది," అనేవాడు. "రేపో మాపో నిలబడిపోతది." అట్లాగే నిలబడిపోయేది. బస్సు డ్రైవర్లు ఆయన్ను పిలుచుకుపోయి ఇంజను దగ్గర నిలబెట్టి వినమనేవాళ్ళు. అటువంటి మనిషి లేదంటే లేనట్టే. కానీ పోటు తప్పడం నేను విన్నాను. ఆయన పక్కనే కూర్చుని విన్నాను.

మధ్యాహ్నం ఎండ కాసింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంజను చక్కగా పాడింది. నాదే పొరపాటనుకున్నాను. మర్నాడు తెల్లవారి మంచు కురిసింది. కారు తీయగానే మళ్ళీ అదే. ఆయన స్టీరింగు పట్టుకుని నిశ్చింతగా నడుపుతున్నాడు. ఆ నిశ్చింతే నాకు భయం పుట్టించింది.

ఒకసారి అనుమానం పడ్డాక అన్నీ కనిపిస్తాయి. మిషను గుడిలో ఆదివారం కీర్తన చివరి చరణం అయిపోయి అందరూ ఆగితే, ఆయనొక్కడూ అర పాదం ఎక్కువ పాడి ఆగేవాడు. పక్క వరసలో ఆడపిల్లలు మూతికి పైట అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇంట్లో నేను వంట దగ్గర నుంచి మాట్లాడితే లేచి వచ్చి గడప దగ్గర నిలబడి నా ముఖం చూస్తూ జవాబు చెప్పేవాడు. మర్యాద అనుకున్నాను ఎన్నో రోజులు. ఒకరోజు పొద్దున లేచి, తలుపు తీసి, వాకిట్లో నిలిచిన నీళ్ళు చూసి, "రాత్రి వాన పడిందా?" అన్నాడు. మా ఇంటి పైకప్పు రేకులది. రాత్రంతా ఆ రేకుల మీద వాన గులకరాళ్ళు కుమ్మరించినట్టు పడింది. పిడుగుకు పక్కింటి వాళ్ళు లేచి కూర్చున్నారు.

"పడింది," అన్నాను.

అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన పొద్దున్నే కారు తీసి, ఇంజను ఆడుతుండగా బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, తల వంచుకుని కాసేపు నిలబడేవాడు. ముందునుంచీ ఉన్న అలవాటే. ఆ నిలబడ్డ తీరు చూసి నేను అడగకుండానే కారెక్కి కూర్చునేదాన్ని. పట్టపగలు పొడి ఎండలో రెండుసార్లు నాలుగు ప్లగ్గులూ విప్పి శుభ్రం చేశాడు, నా మాట తీసేయకుండా. "ఏమీ లేదు మే, అన్నీ బాగుండాయి," అన్నాడు. నిజమే, ఎండలో ఏమీ ఉండేది కాదు. తడిగాలి తగిలితేనే వచ్చేది అది.

కార్తీకమాసంలో ఒకరోజు మధ్యాహ్నం తీరం పల్లె నుంచి ఒకతను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. భార్యకు ముందురోజు నుంచీ నొప్పులట. తొలి కాన్పు. మా డాక్టరమ్మ ఊళ్ళో లేదు. నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చడం తప్ప దారి లేదు. మేం బయలుదేరాం. ఆకాశం సీసం రంగులో కిందికి దిగి ఉంది. సముద్రం మీద నుంచి గాలి విసురుగా, తడిగా, నాలిక మీద ఉప్పగా తగులుతోంది. ఇంజను పోయేటప్పుడే తడబడుతూ పోయింది. ఆ రోజు అది ఒక్క నిమిషం కూడా సర్దుకోలేదు.

ఆ పిల్లకు ఇరవయ్యేళ్ళుండవు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా దగ్గరున్న చెక్క గొట్టం ఆమె పొట్ట మీద ఆనించి విన్నాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, కానీ నాకు నచ్చినంత గట్టిగా కాదు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, తల వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టాం. భర్త డబ్బు సర్దుకుని తర్వాత సైకిలు మీద వస్తానన్నాడు.

ఉప్పుమళ్ళ మధ్య కట్ట మీద రోడ్డు. రెండు వైపులా నీళ్ళు, ఒక్క ఇల్లు లేదు, చెట్టు లేదు. అక్కడ కారు గుంజడం మొదలుపెట్టింది. ముందుకు ఒక ఊపు, వెనక్కి ఒక ఊపు. ప్రతి ఊపుకూ వెనక ఆ పిల్ల మూలిగేది. చిన్న కల్వర్టు ఎత్తు కూడా ఎక్కలేక కారు నిలబడిపోయింది. ఈసారి ఆయన గుంతలనలేదు. ఊపు ఆయనకూ తెలిసింది.

"నిలబడిపోయిందా అన్నా?" అంది ఆ తల్లి.

"అయిదు నిమిషాలమ్మా," అన్నాడాయన దిగుతూ. ఆమె మాట విని అన్నాడో, అడిగే ఉంటుందనుకుని అన్నాడో నాకు తెలియలేదు.

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆక్సిలేటరు మీద కొంచెం కాలు ఆనించి ఉంచమన్నాడు. బానెట్టు ఎత్తాడు. ఏం చేయబోతున్నాడో నాకు తెలుసు, ఎన్నోసార్లు చూశాను. ఇంజను ఆడుతుండగా ఒక్కొక్క ప్లగ్గు మీద నుంచి వైరు పీకాలి. పనిచేసే సిలిండరు వైరు పీకితే ఇంజను గొంతు పడిపోతుంది. చచ్చిన సిలిండరు వైరు పీకితే ఏ మార్పూ ఉండదు. మార్పు లేనిదే దొంగ. చిన్న పని. చెవులున్నవాళ్ళకు చిన్న పని.

పొడిగుడ్డ మడిచి పట్టుకుని మొదటి వైరు పీకాడు. ఇంజను గొంతు పడింది. పెట్టాడు. రెండోది పీకాడు. పడింది. పెట్టాడు. మూడోది పీకాడు. ఏ మార్పూ లేదు. నేను కూర్చున్న చోటికే తెలిసింది. ఆయన దాన్ని పెట్టేసి నాలుగోదానికి పోయాడు. అది పీకగానే ఇంజను ఆగిపోతుందేమో అన్నంతగా పడిపోయింది. ఆయన ఎడమ అరచెయ్యి ఇంజను మీద ఉంది. గాలికి కారు మొత్తం ఊగుతోంది, ఇంజను దాని ఊపు అది ఊగుతోంది. ఆ చేతికి ఏ వణుకు దేనిదో ఎట్లా తెలుస్తుంది? మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఒక్కొక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఆయన ముఖం నాకు బానెట్టు సందులోంచి కనిపిస్తోంది. చీకటి గదిలో గోడ తడుముకునే మనిషి ముఖం అది.

"నాలుగోది," అన్నాడు చివరికి. ఇంజను ఆపించి నాలుగో ప్లగ్గు విప్పాడు.

నేను దిగి దగ్గరికి పోయాను. ఆయన చేతిలో ప్లగ్గు పొడిగా, బిస్కెట్ రంగులో శుభ్రంగా ఉంది. నిక్షేపంగా పనిచేస్తున్న సిలిండరు ప్లగ్గు అట్లా ఉంటుందని ఆయనే నాకు ఒకప్పుడు చూపించాడు. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. గాలి ఆయన చొక్కాను వీపుకు కొడుతోంది. వెనక సీట్లోంచి మూలుగు వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

ఆయన ప్లగ్గు మీద నుంచి చూపు తీసి నా వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అట్లా చూడడం అదే మొదలు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది.

"నువ్వు విను," అన్నాడు. "నేను పీకతా. గొంతు మారితే చెయ్యెత్తు. మారకపోతే ఎత్తబాక."

నాలుగో ప్లగ్గు తిరిగి బిగించాడు. హ్యాండిలు వేసి ఇంజను తిప్పాడు. ఆక్సిలేటరు కడ్డీని తనే చేత్తో పట్టుకున్నాడు. మొదటిది పీకాడు, చెయ్యెత్తాను. రెండోది, ఎత్తాను. మూడోది. నా చెయ్యి కిందనే ఉంది. ఆయన నా చెయ్యి వైపు చూశాడు, వైరు పెట్టి, మళ్ళీ పీకి, మళ్ళీ చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

మూడో ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి నల్లగా వచ్చింది. అది తుడిచి నాలుగోదానిలో వేశాడు, నాలుగోది మూడోదానిలో వేశాడు. ఇంజను తిప్పితే మళ్ళీ మూడోదే చచ్చి ఉంది. "అయితే ప్లగ్గు కాదు," అన్నాడు తనలో తను. "నిప్పు రావడంలా దానికి." మూడో వైరు కొసను ఇంజనుకు దగ్గరగా పట్టుకుని చూశాడు. రవ్వ వచ్చింది గానీ వెంట్రుకంత సన్నంగా, వచ్చీ రానట్టు వచ్చింది.

అప్పుడు నాకు ఇంకో శబ్దం వినిపించింది. ఇంజను మోత కింద, ఎక్కడో లోపల, నూనెలో ఆవాలు చిటపటమన్నట్టు.

"ఇక్కడేదో చిట్ చిట్ మంటా ఉండాది," అని ఆయన చెయ్యి పట్టుకుని ఆ వైపుకు లాగాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి తలల మీద, ఇంజను మీద కప్పాడు. ఆ చీకట్లో కనిపించింది. మూడో వైరు ఇనుప క్లిప్పు కిందుగా పోయేచోట దాని రబ్బరు పగిలి ఉంది. ఆ పగులులోంచి నీలం రంగు నిప్పు ఉండుండి క్లిప్పు మీదికి దూకుతోంది. ప్లగ్గుకు పోవలసిన నిప్పు దారిలోనే కారిపోతోంది. ఎండలో పొడిగా ఉన్నప్పుడు ఆ పగులు మూసుకున్నట్టే ఉండేది. తడి ఉప్పుగాలి తగిలితే తెరుచుకునేది.

తువ్వాలు కింద మా ఇద్దరి ముఖాలు దగ్గరగా ఉన్నాయి.

వేరే వైరు లేదు. ఉన్నా కోటకు పోయి తేవాలి. ఆయన చుట్టూ చూశాడు. నాకు మందుల పెట్టె గుర్తొచ్చింది. అందులో కొత్త రబ్బరు గొట్టం ఒకటి, ఎనిమాకు వాడేది, కాగితం చుట్టి ఉంది. చూపించాను. ఆయన లోపలి బెజ్జం చూసి తల ఊపాడు. కత్తెరతో జానెడు ముక్క కత్తిరించాడు, వైరు కొస ఊడదీసి, తడి తుడిచి, గొట్టాన్ని పగులు మీదికి తొడిగాడు. రెండు కొసలా నేను ప్లాస్టరు చుట్టాను. క్లిప్పుకు తగలకుండా వైరును పైకి లాగి బ్యాండేజీ గుడ్డతో కట్టాడు.

హ్యాండిలు వేస్తే ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నలుగురూ పోటు తప్పకుండా దంచుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన నా ముఖం చూశాడు. "ఎట్టుంది?" అన్నాడు.

తను బాగుచేసిన ఇంజను బాగుందో లేదో ఆయన నన్ను అడుగుతున్నాడు. బాగుందని తల ఊపాను. కారెక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

కోట దాటాం. గూడూరు దాటి పెద్ద రోడ్డెక్కాం. మసక పడుతోంది. కారు ఇప్పుడు బాణంలా పోతోంది, ఆ పోవడమే నాకు భయంగా ఉంది. ఇందాకటిదాకా కారు తడబడుతూ నెమ్మదిగా పోయింది. ఇప్పుడు దాన్ని ఆపేది లేదు. మా ముందు ఒక వరిగడ్డి బండి పోతోంది. వెనక నుంచి లారీ హారను వినిపించింది. ఒకసారి, రెండోసారి, ఆ తర్వాత వదలకుండా. అద్దంలో చూస్తాడనుకున్నాను. అద్దంలో ఆ పిల్ల తల్లి తల అడ్డం ఉంది. ఆయన గడ్డిబండిని దాటడానికి కుడి వైపుకు తిప్పాడు. అదే సమయానికి లారీ మా పక్కకు వచ్చేసింది.

నేను స్టీరింగు పట్టుకుని నా వైపుకు లాగాను. గడ్డి నా కిటికీలోంచి లోపలికి వచ్చి ముఖానికి గీసుకుంది. రెండో వైపు లారీ పక్క చెక్కలు కారు తలుపును రాసుకుంటూ పోయాయి. ఆ ఇనుము కీచుమన్న మోత నా పళ్ళలోకి దిగింది. లారీవాడు ఆగలేదు. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి, పోయే లారీని అప్పుడే ఆకాశం నుంచి ఊడిపడ్డదాన్ని చూసినట్టు చూశాడు.

వెనక నుంచి ఆ తల్లి నెమ్మదిగా అడిగింది. "నర్సమ్మా, అన్నకు చెవులు వినపడవా?"

నేను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాను. ఆమె కూతురి తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. అక్కడి నుంచి నెల్లూరు దాకా నా ఎడమచెయ్యి తలుపు పిడి మీద, కుడిచెయ్యి ఆయన మోచేతి మీద ఉంచుకున్నాను. వెనక హారను మోగితే నొక్కేదాన్ని, ఆయన పక్కకు తీసేవాడు. కారులో నిండు మనుషులు నలుగురు, పుట్టని బిడ్డ ఒకటి. అందరికీ కలిపి చెవులు నావే.

బిడ్డను ఆపరేషను చేసి తీశారు. మగపిల్లవాడు. ఏడవడానికి చాలాసేపు తీసుకున్నాడు గానీ ఏడ్చాడు. ఆ పిల్ల ప్రాణమూ నిలబడింది. ఆ కబురు చెప్పడానికి నేను బయటికి వస్తే ఆయన ఆసుపత్రి వరండా మెట్ల మీద కూర్చుని, కారు తలుపు మీది గీత వైపు చూస్తున్నాడు. ఎదురుగా పోయి నిలబడి చెప్పాను. తల ఊపాడు. పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను, ముఖం ఆయన వైపు తిప్పి.

"సరిగ్గా చెప్పలేను. ముందు పిట్టలు పోయినాయి. పొద్దున్నే కూసేవి గదా, అవి కూయడం మానేసినాయనుకున్నా. ఆ తర్వాత ఒక్కోటీ." తన అరచెయ్యి చూసుకుంటూ అన్నాడు. "ఇంజను మాత్రం చేతికి తెలస్తా ఉన్నింది. చెయ్యి ఆనిస్తే చాలు, వినపడినట్టే ఉండేది. ఇంక దానికేం కాదులే అనుకున్నా. ఈ పొద్దు చెయ్యి కూడా అబద్ధం చెప్పింది."

బానెట్టు మీద ఆయన రోజూ చెయ్యి ఎందుకు పెట్టేవాడో అప్పుడు తెలిసింది.

"నేను పక్కన కూర్చుంటా గదా," అన్నాను. "నేను చెప్తా ఉంటా."

"నువ్వు లేని రోజు?" అన్నాడు. "వెనక ఎవరో ఒకరు పడుకొని ఉంటారు గదా ఎప్పుడూ."

మర్నాడు నెల్లూరులో ఒక తెలిసిన డ్రైవరును బతిమాలి, కారు అతనితో తోలించుకుని కోటకు వచ్చాం. మా ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ ఊరి నుంచి రాగానే తనే పోయి చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఆమె చెవి దగ్గర ఏదో ఇనుప కడ్డీ మోగించి చూసింది. నరం చచ్చిపోయిందనీ, మందు లేదనీ చెప్పింది. యుద్ధం నాటి ఆ ఇంజన్ల మోతే చంపి ఉంటుందంది. వినికిడి ఇంకా తగ్గుతుందనీ, ఇక్కడితో ఆగదనీ కూడా చెప్పింది. ఆమె పెదాలు చూస్తూ ఆయన అంతా విన్నాడు.

కొత్త డ్రైవరు వచ్చాడు. మంచివాడే. నేను అతనితో పల్లెలకు పోయేదాన్ని. చాన్నాళ్ళు నా చెయ్యి దానంతట అదే అతని మోచేతి వైపు పోబోయి ఆగేది. మా ఆయన కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆయన్ను చూస్తే నాకు భయంగా ఉండేది. వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయేవాటిని చూస్తూ, ఏదీ వినపడక, ఏమీ అనక కూర్చునేవాడు. తర్వాత పొలాల్లోకి ఆయిలింజన్లు రావడం ఎక్కువైంది. బావుల మీద, కాలువల మీద నీళ్ళు తోడేవి. ఒంటి సిలిండరు ఇంజన్లు, నేల అదిరేలా ఆడతాయి. రైతులు వచ్చి పిలిస్తే పోయాడు. ఆ ఇంజన్ల అదురు ఆయనకు అరికాళ్ళలోంచి తెలిసేదట. పని బాగా దొరికింది.

కానీ ఆ ఇంజన్లకు బెల్టులుంటాయి. వెడల్పాటి బెల్టు, దాని మీద ఏ కప్పూ ఉండదు, పంపుకూ ఇంజనుకూ మధ్య గిరగిరా తిరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ తీసుకుని గట్ల మీద పోయేసరికి, ఆయన ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, వీపు నా వైపు పెట్టి, మోచెయ్యి బెల్టుకు బెత్తెడు దూరంలో ఉంచుకుని పనిచేస్తూ ఉండేవాడు. పిలిస్తే వినపడదు. వెనక నుంచి భుజం తడితే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో తెలియదు. అందుకని క్యారేజీ గట్టు మీద పెట్టేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని బురదమళ్ళలోకి దిగి, పొలం చుట్టూ తిరిగి, ఆయన కళ్ళకు ఎదురుగా, దూరంగా పోయి నిలబడేదాన్ని. ఆయన తల ఎత్తేదాకా కదలకుండా అట్లాగే నిలబడేదాన్ని.